సమాధిని కదిలించే అధికారం ఎవరిది?

భూమిలో పూడ్చిన మానవ శరీరాన్ని, లేదా కాలక్రమంలో అందులో మిగిలిన ఎముకలను, పైకి తీసి మరొక చోట తిరిగి మట్టిచేయడంలో నిజానికి రెండు పనులు ఉన్నాయి. మొదటిది ఉత్ఖననం, అంటే పత్రికలు వెలికితీత అని రాసేది. రెండవది పునఃఖననం, అంటే కొత్త చోట మళ్లీ పూడ్చడం. హిందువుల ఆచారం దహనమేనని గ్రంథాలు చెప్పినా, మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో పొలం గట్టున సున్నం కొట్టిన సమాధులను చూసినవారికి ఆ మాట సగమే నిజమని తెలుస్తుంది. ముస్లిములు, క్రైస్తవులే కాక, మృతులను కూర్చున్న భంగిమలో సమాధి చేసే జంగములు, లింగాయతులు, ఇంకా ఎన్నో కులాలవారు ఖననాన్నే పాటిస్తారు; దహనం పాటించే ఇళ్లలో సైతం పసిబిడ్డలు పోతే పూడ్చిపెట్టడమే వాడుక.

ఇలాంటి నేలలో సమాధిని కదిలించాలన్న కోరిక మూడు విధాలుగా పుడుతుంది. మదనపల్లె శివారులో సమాధి ఉన్న పొలాన్ని ప్లాట్లు వేసే వ్యాపారికి అమ్మదలచిన కుటుంబం తన పెద్దలను వెంట తీసుకుపోవాలనుకుంటుంది. పుంగనూరు వైపు కాలువకో రోడ్డుకో సేకరించే భూమిలో గోరీలు అడ్డు తగులుతాయి. మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే చోట ఉన్న కుప్పంలోనైతే, పనికోసం కర్ణాటకకో తమిళనాడుకో పోయి అక్కడే మట్టిలో కలిసిన మనిషిని సొంత ఊరికి తెచ్చుకోవాలన్న ఆశ కలుగుతుంది. ఈ మూడింటికీ చట్టం ఏమి కోరుతుందన్న విషయమై రెండు వాదాలను ఇక్కడ ఎదురెదురుగా ఉంచడమైనది. ఒక వాది మదనపల్లె న్యాయస్థానాల్లో వాదించే వకీలు. రెండవ వాది పుంగనూరులో పనిచేసి పదవీ విరమణ చేసిన తహసీల్దారు. ఇద్దరూ కల్పిత పాత్రలే అయినా, వారు ఉదాహరించే చట్టాలూ తీర్పులూ కల్పితాలు కావు.

వకీలు: మొదట గ్రహించవలసింది, పూడ్చిన శరీరం కుటుంబం సొత్తు కాదని. శవం మీద ఆస్తిహక్కు ఉండదన్నది ఇంగ్లీషు న్యాయం నుంచి మన కోర్టులకు సంక్రమించిన పాత సూత్రం. వారసులకు ఉన్నది అంత్యక్రియలు జరిపే బాధ్యత, ఆ బాధ్యత నెరవేర్చడానికి కావలసినంత హక్కు, అంతే. ఆ క్రియ ముగిసి శరీరం మట్టిలో చేరాక అది చట్టం సంరక్షణలో ఉన్నట్టు భావించాలని, దాన్ని వెలికి తీయించుకోవడం ఎవరికీ హక్కుగా రాదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 12న మాగ్రే కేసులో చెప్పింది. శ్రీనగర్‌లోని హైదర్‌పోరాలో 2021 నవంబరులో జరిగిన ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన యువకుడి శరీరాన్ని సొంత ఊరికి తరలించేందుకు తండ్రి అనుమతి కోరగా, జమ్మూ కాశ్మీర్ హైకోర్టు ఏక న్యాయమూర్తి ఒప్పుకున్నా, చివరకు సుప్రీంకోర్టు నిరాకరించి, సమాధి వద్ద ప్రార్థన చేసుకునే వెసులుబాటును మిగిల్చింది. కన్న తండ్రికే లేని హక్కు పొలం అమ్ముకునే కుటుంబానికి ఎక్కడి నుంచి వస్తుంది?

తహసీల్దారు: వకీలు గారూ, హైదర్‌పోరా తీర్పును తెచ్చి పుంగనూరు పొలం గట్టున నిలబెడితే అది నిలబడదు. అక్కడ పూడ్చింది పోలీసులు, అడ్డు చెప్పింది శాంతిభద్రతల కారణంగా ప్రభుత్వం, అడిగింది ఆ పూడ్చడంలో పాలుపంచుకోని తండ్రి. ఇక్కడ పూడ్చినవారే తీస్తామంటున్నారు, నేల వారిది, అడ్డు చెప్పేవారు లేరు. పైగా అదే తీర్పు ఇంకొక మాట కూడా చెప్పింది. వెలికితీతను గురించి దేశంలో ప్రత్యేక చట్టమేదీ లేదని గుర్తించి, అలాంటి చట్టం చేసే విషయం ఆలోచించమని కేంద్ర ప్రభుత్వానికి సూచించింది. లేని చట్టాన్ని పాటించలేదని ఒకరిని తప్పుపట్టడం న్యాయమా?

వకీలు: ప్రత్యేక చట్టం లేదన్న మాట నిజమే, అసలు నిబంధనే లేదనడం నిజం కాదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 176వ సెక్షను, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 196వ సెక్షను, అప్పటికే పూడ్చిన శవాన్ని వెలికి తీయించి పరీక్షింపజేసే అధికారాన్ని మేజిస్ట్రేటుకు ఇస్తాయి.

తహసీల్దారు: ఏ అవసరానికి?

వకీలు: మరణానికి కారణం తెలుసుకోవడానికి.

తహసీల్దారు: అంతే కదా. తహసీల్దారు ఉద్యోగంలో ఉన్నవారికి ఈ సెక్షను బాగానే తెలుసు, ఎందుకంటే కార్యనిర్వాహక మేజిస్ట్రేటు హోదాలో గుంత పక్కన నిలబడి, వైద్యులు అక్కడికక్కడే పోస్టుమార్టం చేస్తుంటే పంచనామా, అంటే సాక్షుల ఎదుట చూసింది చూసినట్టు రాసే పత్రం, తయారు చేయించేది వారే. కాని మరణ కారణం విషయంలో ఏ అనుమానమూ లేని ముసలితాత ఎముకలను ఇరవై ఏళ్ల తరువాత పక్క ఊరికి తరలించడానికి ఆ సెక్షను ఒక్క అక్షరం కూడా పనికిరాదు. ఆ సెక్షను కింద తహసీల్దారు అనుమతి ఇస్తే అది లేని అధికారాన్ని వాడినట్టు అవుతుంది, ఇవ్వకపోతే లేని అధికారాన్ని నిరాకరించినట్టు అవుతుంది.

వకీలు: ఆ మాటతో మీ వాదమే బలహీనపడుతున్నది, తహసీల్దారు గారూ. మండల కార్యాలయాల నుంచి అభ్యంతరం లేదని రాసి ముద్ర వేసి ఇచ్చే కాగితానికి వెనుక ఏ సెక్షనూ లేదని మీరే ఒప్పుకున్నట్టు కాదా? ఆ కాగితాన్ని నమ్మి గుంత తవ్విన కుటుంబం మీద రేపు ఒక దాయాది ఫిర్యాదు చేస్తే, భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షను, అంటే పాత శిక్షాస్మృతిలోని 297, ఎదురవుతుంది. శ్మశానంలో అక్రమంగా ప్రవేశించినా, మానవ శవాన్ని అగౌరవపరచినా, ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

తహసీల్దారు: ఆ సెక్షనుకు దురుద్దేశం ఉండాలి. ఇతరుల మనసు గాయపరచాలనో మతాన్ని అవమానించాలనో ఉద్దేశం లేనిదే అది నేరం కాదు. తండ్రి ఎముకలను పసుపు గుడ్డలో కట్టి మోసుకుపోయే కొడుకుకు ఆ ఉద్దేశం ఎక్కడిది?

వకీలు: సెక్షనును సగమే చదివారు. ఉద్దేశం లేకపోయినా, ఆ పని వల్ల ఎవరి మనసైనా నొచ్చుకునే అవకాశం ఉందని తెలిసి చేసినా చాలు. పెద్దకొడుకు తరలిస్తానంటే చిన్నకొడుకు వద్దని చెప్పి ఉంటే, ఆ తెలివిడి పెద్దకొడుక్కి ఉన్నట్టే. ఇక ఆ మరణంలో ఏదైనా సందేహం ఉండి, వెలికితీత వల్ల ఆనవాళ్లు చెదిరిపోతే, సాక్ష్యాన్ని మాయం చేయడాన్ని శిక్షించే 238వ సెక్షను కూడా తోడవుతుంది. అందుకే వారసులందరి సమ్మతి లేనిచోట సివిల్ కోర్టులో ప్రకటన దావా, అంటే ఫలానా పక్షానికి ఫలానా హక్కు ఉందని కోర్టు చేత చెప్పించుకునే దావా, వేయడమే క్షేమం. సమ్మతి ఉన్నా అధికారులు కదలనిచోట రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయాలి.

తహసీల్దారు: హైకోర్టు అమరావతిలో ఉంది. రాష్ట్రం నైరుతి మూలన ఉన్న కుప్పంవారికి బెంగళూరూ చెన్నై రెండూ అమరావతి కంటే దగ్గర. తాత ఎముకలకోసం రిట్ వేయమని కూలిమనిషికి చెప్పడం, ఆ పని చేయవద్దని చెప్పడానికి మర్యాదైన మాట మాత్రమే.

ఇక్కడ ఒక విషయం విడిగా గమనించవలసి ఉంది. చట్టానికి శవం తెలుసు, ఎందుకంటే అది నేరానికి సాక్ష్యం కావచ్చు. శ్మశానం తెలుసు, ఎందుకంటే అది సర్వే నంబరు ఉన్న భూమి. ఆ రెండింటి నడుమ ఉన్న సమాధి, అంటే ఒక పేరూ ఒక కుటుంబమూ ఉన్న ఆ చిన్న చోటు, మన చట్టాలకు దాదాపు కనబడదు. వకీలు శవాన్ని గురించిన చట్టాన్ని, తహసీల్దారు భూమిని గురించిన చట్టాన్ని మాట్లాడుతున్నందువల్లనే ఇద్దరి వాదాలూ ఒకదాన్నొకటి తాకకుండా పోతున్నాయి. వాదం రాష్ట్రాల అధికారం వైపు మళ్లినప్పుడు ఈ లోపం ఇంకా స్పష్టమవుతుంది.

వకీలు: కేంద్రం చట్టం చేయాలన్న సుప్రీంకోర్టు సూచన కూడా అంత తేలికగా నెరవేరేది కాదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 10వ అంశం ఖననం, శ్మశానాలు, దహనం, దహనవాటికలు. నేర విచారణ ఉమ్మడి జాబితాలో ఉంది కనుక మరణ కారణం తెలుసుకునే వెలికితీతపై పార్లమెంటు చట్టం చేయగలిగింది. కుటుంబం కోరికమీద జరిగే తరలింపు మాత్రం రాష్ట్రం పని. కనుక కుప్పం దాటి కృష్ణగిరి వైపు పోతే నియమాలు మారతాయి. తమిళనాడులో గ్రామ పంచాయతీల శ్మశానవాటికలకు 1999 నాటి ప్రత్యేక నియమాలు ఉన్నాయి, లైసెన్సు లేని చోట పూడ్చడంపై అక్కడి హైకోర్టు దాకా వివాదాలు నడిచాయి. కర్ణాటక వైపు పోతే అక్కడి చట్టాలు వేరు. అంటే కృష్ణగిరిలో పూడ్చిన మనిషిని కుప్పం తేవాలంటే, తీయడానికి ఒక రాష్ట్రం నియమాలు, పూడ్చడానికి మరొక రాష్ట్రం నియమాలు చూడాలి.

తహసీల్దారు: ఆంధ్రప్రదేశ్ వైపు ఆ మాత్రం నియమం లేకపోలేదు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షను ప్రకారం ప్రభుత్వానికి వేరే అవసరం లేని శ్మశాన పోరంబోకులు, అంటే సాగుకు కాక ఊరుమ్మడి అవసరానికి కేటాయించిన ప్రభుత్వ భూములు, గ్రామ పంచాయతీకి చెందుతాయి. పట్టణాల్లో ఆ బాధ్యత మున్సిపాలిటీది. కనుక కొత్త చోటు శ్మశానమైతే దాని యజమాని ఎవరో, ఎవరి సమ్మతి కావాలో తెలుస్తుంది. కుప్పం కొన్నేళ్ల క్రితం దాకా పంచాయతీయే కనుక పాత కాగితం పంచాయతీ పేర, కొత్త అనుమతి మున్సిపాలిటీ పేర ఉండవచ్చు. దానికి కంగారు పడనక్కరలేదు.

వకీలు: ముస్లిముల ఖబరస్తాన్ మాట? అది చాలాచోట్ల వక్ఫు, అంటే దైవకార్యానికి శాశ్వతంగా అంకితమైన ఆస్తి. 1995 నాటి వక్ఫు చట్టానికి 2013లో చేర్చిన 104ఏ సెక్షను వక్ఫు ఆస్తి అమ్మకాన్ని, దానాన్ని, మార్పిడిని, తాకట్టును నిషేధించింది. కనుక అక్కడి గోరీలను తరలించి ఆ నేలను ఖాళీ చేద్దామన్న ఆలోచనకే తావు లేదు. దానికి తోడు అత్యవసరం లేనిదే గోరీని తెరవరాదన్నది ఇస్లాం ధర్మశాస్త్రం చెప్పే మాట. క్రైస్తవ శ్మశానంలో సంఘం పెద్దల సమ్మతి లేకుండా పార పడదు.

తహసీల్దారు: మతం వద్దన్నదీ చట్టం వద్దన్నదీ ఒకటి కాదు గాని, సమ్మతి కావాలన్న మాట వరకు విభేదం లేదు. అయితే చరిత్రను కూడా చూడాలి. ఈ సీమకు బాగా తెలిసిన సమాధి తరలింపు సర్ థామస్ మన్రోది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉండి, ఆ తరువాత మద్రాసు గవర్నరైన మన్రో, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. శరీరాన్ని గుత్తిలో పూడ్చారు. 1831లో ఆ అవశేషాలను తీసి మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో తిరిగి ఖననం చేశారు. కలరా శవాన్ని నాలుగేళ్ల తరువాత తవ్వి, ఆనాటి దారుల మీద అంత దూరం మోసుకుపోయారు. అప్పుడు ఏ సెక్షను అడ్డు వచ్చింది?

వకీలు: అప్పుడు అడ్డు చెప్పగలిగిన ప్రభుత్వమే మోసుకుపోయింది కదా! దేశాన్ని పాలించినవారి ఎముకలు ఎవరి అనుమతీ లేకుండా కదలడం, అనుమతి అక్కరలేదనడానికి నిదర్శనం కాదు. ఆ పాలకుల సొంత దేశంలోనే, మన్రో తరలింపు జరిగిన ఇరవై ఆరేళ్లకు, 1857 నాటి బరియల్ యాక్ట్ వచ్చింది. ఇంగ్లండు, వేల్సులలో పూడ్చిన శరీరాన్ని లైసెన్సు లేకుండా కదిలించడం దాని 25వ సెక్షను ప్రకారం నేరం. చర్చి పవిత్రీకరించిన నేలైతే చర్చి న్యాయస్థానం అనుమతి కావాలి. ఇక్కడ కావలసింది అదే. అడిగే చోటు ఒకటి, ఇచ్చే అధికారి ఒకరు, ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా. మీరు అనుమతి వద్దంటున్నారు. నిజానికి కావలసింది అనుమతి ఇవ్వగలిగిన ఒక చేయి.

తహసీల్దారు: ఆ చేయి మండల స్థాయిలో ఉంటే అభ్యంతరం లేదు. అమరావతిలో ఉంటేనే అభ్యంతరం.

ఇక్కడ తహసీల్దారు మొదట నిలబెట్టిన వాదం, అంటే అనుమతే అక్కరలేదన్నది, నిశ్శబ్దంగా మారిపోయిందని పాఠకుడు గమనించే ఉంటాడు. వకీలు గమనించినా ఆ గెలుపును ఎత్తి చూపలేదు, ఎందుకంటే ఆయన వాదంలోని బలహీనత అప్పుడే బయటపడవలసి ఉంది.

తహసీల్దారు: మరి ప్రభుత్వమే తవ్వినప్పుడు మీరు మొదట చెప్పిన చట్టం సంరక్షణ ఎక్కడికి పోతుంది? హంద్రీ–నీవా పథకంలో పుంగనూరు బ్రాంచి కాలువ, దాన్ని పొడిగించి కుప్పానికి తీసుకుపోయిన కాలువ ఎన్ని పొలాల గుండా పోయాయో ఆ దారిలో నడిచినవారికి తెలుసు. అలాంటి పనికి భూమి తీసుకుంటే శరీరం చట్టం సంరక్షణలో ఉందని ఎవరు వాదిస్తారు?

వకీలు: 2014 జనవరి 1 నుంచి అమలులో ఉన్న 2013 నాటి భూసేకరణ చట్టం వాదిస్తుంది. సేకరణకు ముందు జరిపే సామాజిక ప్రభావ అంచనా, అంటే ఆ పథకం ఊరి బతుకును ఎలా తాకుతుందో లెక్కగట్టే విచారణ, శ్మశానాలూ దహనవాటికలూ ఏమవుతాయో కూడా చూడాలని అందులో ఉంది. ఊరినే ఎత్తి వేరే చోట నిలిపితే, కొత్త ఊరిలో ఆయా సముదాయాల ఆచారానికి తగిన శ్మశానం ఇవ్వాలని మూడవ షెడ్యూలు చెబుతుంది.

తహసీల్దారు: శ్మశానం ఇవ్వమంది, శ్మశానంలో ఉన్నవారిని తరలించమన్నదా?

వకీలు: లేదు. నేల ఇవ్వమంది, ఎముకల మాట ఎత్తలేదు.

తహసీల్దారు: ఇక పట్టా పొలంలో, అంటే ప్రభుత్వ పత్రం ఉన్న సొంత భూమిలో, గట్టుమీద ఉన్న సమాధి ఆ అంచనాలో శ్మశానంగా లెక్కకే రాదు. అడంగల్‌లో, అంటే ఏ పొలంలో ఏ పంట ఉందో రాసే గ్రామ లెక్కలో, ఆ సర్వే నంబరు ఎదుట వేరుశనగ అనో మామిడి అనో ఉంటుందిగాని, ముసలమ్మ సమాధి అని ఉండదు. కనుక తరలింపు గురించి చింతించేముందు అమ్మకపు దస్తావేజు గురించి చింతించాలి. సమాధి ఉన్న ఆ నాలుగు సెంట్లను హద్దులతో మినహాయించి, అక్కడికి పోయివచ్చే దారిహక్కును రాసుకుంటే చాలా కుటుంబాలకు తవ్వే అవసరమే రాదు. అది రాసుకోకుండా అమ్మేసి, జేసీబీ వచ్చిన రోజు తహసీల్దారు కార్యాలయానికి పరుగెత్తేవారే ఎక్కువ.

వకీలు: ఆ మాటకు ఎదురు లేదు. అయినా తరలించక తప్పని పరిస్థితి వస్తే ఏ కాగితాలు ఉండాలంటారు?

తహసీల్దారు: 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద పొందిన మరణ ధ్రువపత్రం మొదటిది. అది లేకపోతే ఎవరిని తరలిస్తున్నారో రుజువు చేయలేరు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఉన్న వారసులందరూ, ఆడపిల్లలతో సహా, సంతకం చేసిన సమ్మతి రెండవది. మన ఊళ్లలో ఆడపిల్లల సంతకం అవసరమని ఎవరికీ తోచదు, తగాదా మాత్రం అక్కడి నుంచే వస్తుంది. పాత నేల యజమాని సమ్మతి, కొత్త శ్మశానం ఉన్న పంచాయతీ లేదా మున్సిపాలిటీ రాతపూర్వక అంగీకారం, పోలీసు స్టేషనుకు ముందస్తు సమాచారం, తవ్వే వేళ సాక్షుల ఎదుట పంచనామా, ఫొటోలు.

వకీలు: అంటు రోగంతో పోయినవారైతే ఆరోగ్యాధికారి సలహా కూడా ఉండాలి, ఆంధ్ర ప్రాంతంలో 1939 నాటి ప్రజారోగ్య చట్టం ఇంకా ఉంది కనుక. ఇవన్నీ సిద్ధం చేసుకుని సబ్ కలెక్టరుకో ఆర్డీవోకో దరఖాస్తు పెట్టి, దాని నకలు కలెక్టరుకు పంపి, జవాబు రాకుండానే తవ్వకూడదు. జవాబు నిరాకరణ అయినా, అసలే రాకపోయినా, హైకోర్టులో రిట్‌కు ఆధారం అదే. అయితే ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఈ కాగితాల్లో ఏ ఒక్కటీ తరలింపుకు చట్టం ఇచ్చిన అనుమతి కాదు. అన్నీ కలిసినా, దురుద్దేశం లేదనడానికీ ఎవరి మనసూ నొప్పించలేదనడానికీ సాక్ష్యం మాత్రమే.

తహసీల్దారు: అంటే చట్టం ప్రకారం అనుమతి తీసుకున్నవాడు కాడు, చట్టం చేతికి చిక్కనివాడు అవుతాడు.

వకీలు: ప్రస్తుతానికి అంతే.

తహసీల్దారు: ఇంకొక చిక్కు మిగిలింది. ఎముకలు పోయాక పాత చోటు ఏమవుతుంది? పట్టా పొలమైతే దున్నుకుంటారు. శ్మశాన పోరంబోకు అయితే అందులో ఒక్క సమాధి కూడా మిగలకపోయినా రికార్డులో అది శ్మశానమే. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షను కింద నిషేధిత జాబితాలో ఉన్న భూమి, సమాధులు తీసినంత మాత్రాన ఆ జాబితా నుంచి బయటకు రాదు. దాన్ని పంచాయతీ నుంచి వెనక్కు తీసుకోవాలంటే ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి. అది తెలియక సమాధులు తరలిస్తే స్థలం తమకు వస్తుందని ఆశపడేవారు రెండు విధాలా నష్టపోతారు.

వకీలు: ఆ రికార్డు ఉంటే కదా. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో అగ్నిప్రమాదం జరిగి భూముల దస్త్రాలు కాలిపోయాక, ఏది శ్మశానమో ఏది కాదో ఏ కాగితం చూసి చెప్పాలి?

తహసీల్దారు: గ్రామ రికార్డులు, సర్వే శాఖ పటాలు వేరే ఉంటాయి, వాటితో సరిచూసుకోవచ్చు. అవీ చాలకపోతే పాత పద్ధతి ఒకటుంది. ఊరి పెద్దలను వెంటబెట్టుకుని పోయి, ఎవరి సమాధి ఎక్కడుందో చూపించమని, చూపించిన చోటల్లా హద్దురాయి పాతించడం. మన్రో శరీరం మద్రాసు కోటకు పోయి రెండు శతాబ్దాలు కావస్తున్నా, గుత్తి కొండ కింద ఆయన మొదటి సమాధి స్థలాన్ని నేటికీ ఆయన పేరుతోనే చూపిస్తారు.